దండగ ట్యూబు

మధ్యాహ్నం కరెంటు పోయి కూలరు ఆగినప్పుడు మా ఇంట్లో ఒక చిన్న చప్పుడు వినిపిస్తుంది. టిక్, టిక్, టిక్. కొత్తగా వచ్చినవాళ్లు గోడ గడియారం వైపు చూస్తారు. మాది చప్పుడు చేయని గడియారం. ఆ శబ్దం నా భార్య గుండెలోది.

చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి ఆమె గుండెలో ఒక కవాటం పాడైంది. నేను రిటైరైన మూడో ఏట హైదరాబాదులో ఆపరేషన్ చేసి లోహపు కవాటం వేశారు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం ఆరు గంటలకు రక్తం గడ్డకట్టనీయని మాత్ర వేసుకోవాలి. మాత్ర పని తక్కువైతే ఆ లోహం మీద రక్తం గడ్డకట్టి కవాటం మూసుకుపోవచ్చు, లేదా ఆ గడ్డ మెదడుకు పోవచ్చు. ఎక్కువైతే లోపల ఎక్కడైనా రక్తస్రావం కావచ్చు. అందుకని నెలకొకసారి రక్తం తీయించి, అది ఎంత నిదానంగా గడ్డకడుతున్నదో ఒక అంకెలో చూడాలి. నా భార్యకు ఆ అంకె రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. ఆపరేషన్ అయిన నాటినుంచి వచ్చిన ప్రతి అంకె నా డైరీల్లో ఎర్ర సిరాతో ఉంది.

ముప్పై నాలుగేళ్లు నేను గోదావరిఖనిలో కంపెనీ దవాఖాన ల్యాబులో పనిచేశాను. రక్తం తీయడం, పరీక్షించడం నా ఉద్యోగం. అయినా నా భార్య రక్తం తీసేది నేను కాదు. ఎందుకు కాదో, ఆపరేషన్ తర్వాత ఒక్కసారి తీసినప్పుడు ఏం జరిగిందో డైరీలు ముందేసుకుని రాస్తున్నాను.

నేను పనిలో చేరిన కాలంలో ఇప్పుడున్న యంత్రాలు లేవు. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూడాలంటే వేడినీళ్ల తొట్టిలో గాజు గొట్టం పెట్టి, మందు కలిపి, ఒక చేత్తో స్టాప్‌వాచ్ నొక్కి, రెండో చేత్తో గొట్టాన్ని మెల్లగా వంచుతూ దీపం వెలుగులో చూసేవాళ్లం. పలచగా కదులుతున్న ద్రవంలో ఉన్నట్టుండి సాలెపురుగు దారం లాంటిది ఒకటి కనిపిస్తుంది. ఆ దారం కనిపించిన క్షణాన వాచ్ ఆపాలి. రెప్ప వేస్తే తప్పిపోతుంది. నా చూపు తప్పదని మా పెద్ద డాక్టరుగారు పదిమందిలో అనేవారు. ఆయన అన్న ప్రతిసారీ డైరీలో రాసుకున్నాను.

రక్తం తీయడంలోనూ పేరుండేది. బొగ్గు బాయిలో పనిచేసేవాళ్ల చేతులు వేరు. దెబ్బ తగిలి చర్మం చీలితే బొగ్గుపొడి లోపలే ఉండిపోయి, గాయం మానాక నీలం గీతలా మిగిలిపోతుంది. మోచేతి మడతలో ఏది నరమో ఏది పాత గాయమో కొత్తవాళ్లకు తెలియదు. నేను కళ్లద్దాలు సర్దుకుని ఒక్క చూపులో చెప్పేవాణ్ని.

ఆ రోజుల్లో వచ్చింది ఆ పిల్ల. పేరు రాయను, శిష్యురాలు అంటాను. తండ్రి బాయిలో డ్యూటీలో ఉండగా చనిపోతే ఆయన ఉద్యోగం ఈమెకు ఇచ్చారు. గాజు గొట్టాలు కడిగే పనికి ల్యాబులో వేశారు. ఇంటర్ సైన్సు చదివింది. గొట్టాలు కడుగుతూనే నా చేతుల వంక చూసేది. ఏడాది తర్వాత, ఆఫీసుకు రాసి అనుమతి తెప్పించి, పని నేర్పింది నేనే. నాదొక పద్ధతి ఉండేది. ఎవరు కొత్తగా సూది పట్టినా మొదటి గుచ్చు నా చేతికే గుచ్చాలి. రోగి మీద నేర్చుకోకూడదు.

ఆమె మూడుసార్లు గుచ్చింది. మూడుసార్లూ నరం తప్పింది. నా చెయ్యి వాచింది, ఆమె ఏడ్చింది.

"ఏడువకు. నరం యాడికి పోదు, గాడనే ఉంటది. మళ్ల గుచ్చు," అన్నాను.

నాలుగోసారి ఆమె కళ్లు మూసుకుంది. నేను భయపడి చెయ్యి లాక్కోబోయాను. వేలి కొనతో మడతలో రెండుసార్లు తాకి చూసి, కళ్లు తెరిచి గుచ్చింది. సిరంజిలోకి రక్తం వచ్చేదాకా సూది దిగిన సంగతి నాకు తెలియలేదు. "మా బాపు చేతుల నిండ నీలం గీతలే సార్. కండ్లతోని చూస్తే అన్నీ నరాల లెక్కనే కొడ్తయి. అందుకే తాకి చూసిన," అన్నది.

ఆ రాత్రి డైరీలో 'పిల్ల తెలివైనది' అని రాసి, తర్వాతి వాక్యంలో 'నేర్పినవాడిని బట్టే' అని రాసుకున్నాను.

అసూయ ఎప్పుడు మొదలైందని అడిగితే తారీఖుతో సహా చూపించగలను. ల్యాబులో రెండు కుర్చీలు ఉండేవి, నా ముందొకటి, ఆమె ముందొకటి. ఒక ఉదయం నా ముందు ముగ్గురు, ఆమె ముందు పదకొండు మంది. పై కప్పుకు బోల్టులు బిగించే పనిలో ఏళ్లు గడిపిన ఒక కార్మికుడు, ఎప్పుడూ నా దగ్గరికే వచ్చేవాడు, ఆ పదకొండు మందిలో నిలబడి ఉన్నాడు. రమ్మని చెయ్యి ఊపాను.

"ఏమనుకోకు సార్," అన్నాడు, లైనంతా వినేటట్టు. "ఆ బిడ్డ గుచ్చితే చీమ కుట్టినట్టు గూడ ఉండది. నువ్వు గుచ్చితే రూఫ్ బోల్టు కొట్టినట్టుంటది!"

లైను లైనంతా నవ్వింది. నేనూ నవ్వాను. శిష్యురాలు మాత్రం నవ్వలేదు. "సారు చెయ్యి మీదనే నేర్చుకున్న కాకా, గట్ల అనకు," అన్నది. వాపు నా చేతికి, పేరు ఆమెకు అనిపించింది నాకు. రోజంతా ఆ మాటే నమిలాను.

నా రిటైర్మెంటుకు ఏడాది ముందు రక్తం గడ్డకట్టే సమయం చూసే యంత్రం వచ్చింది. దానితోపాటే గాలి తీసేసిన కొత్త ట్యూబులూ వచ్చాయి. సూది నరంలో ఉండగా ట్యూబు గుచ్చితే చాలు, అదే రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది. వీటి మీద వారం రోజుల శిక్షణకు ఒకరిని పంపుతామన్నారు. నా పేరే వస్తుందని కొత్త సంచీ కూడా సర్దుకున్నాను. ఆమె పేరు వచ్చింది. "మీకు ఏడాదే సర్వీసు ఉంది గదా, ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తారు?" అన్నాడు అధికారి. ఆయన చెప్పింది సబబే. ఆ రోజు పేజీలో కలం ఎంత గట్టిగా నొక్కానో, వెనక పేజీ దాకా చిరిగింది.

వారం తర్వాత తిరిగివచ్చి, నేర్చుకున్నది అందరికీ చూపిస్తానని, ఒక గంట ఉండమని అడిగింది. అందరూ ఉన్నారు. నేను క్యాంటీన్‌కు వెళ్లి రెండు చాయలు తాగి, ఆ గంట అయిపోయాక వచ్చాను. కుర్చీ పక్క గోడకు చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. అది చదవలేదు. రిటైరయ్యేదాకా నా కుర్చీలో నేను సిరంజితోనే తీసి, ట్యూబుల్లో పోశాను. వద్దని ఎవరూ అనలేదు.

నా భార్యకు ఆపరేషన్ అయ్యాక నెలనెలా పరీక్షకు అదే ల్యాబుకు వెళ్లక తప్పలేదు. మొదటిసారి నేనే గుచ్చుతానని కుర్చీ దగ్గరికి వెళ్లబోయాను.

"నువ్వు రిటైర్ అయినవ్. గీడ కూసో," అన్నది నా భార్య, బెంచీ చూపించి.

అప్పటినుంచి నాకు ఆ బెంచీయే దిక్కయింది. నా భార్య చేతులు సన్నం. నరాలు దారాల్లా ఉంటాయి. శిష్యురాలు రెక్కల సూది వాడేది. సూదికి రెండు ప్లాస్టిక్ రెక్కలు, వెనక జానెడు సన్నని గొట్టం తోకలా ఉంటుంది. కళ్లు మూసుకుని తాకి, తెరిచి, గుచ్చేది. నా భార్య ఆమెతో చింతచిగురు గురించో సీరియల్ గురించో మాట్లాడుతూనే ఉండేది. ఆ కబుర్లు నాకు సూదిలా దిగేవి. "ఎప్పుడు తీసిందో నాకైతే ఎర్కలేదు. ఆమెది అల్కటి చెయ్యి," అని దారి పొడుగునా ఆటోలో అందరికీ చెప్పేది. పెళ్లయిన కొత్తలో నేనొకసారి తీస్తే వారం రోజులు నీలం మచ్చ ఉన్నదని కూడా చెప్పేది.

బెంచీ మీద కూర్చుని నేను తప్పులు వెతికాను. ఒక్కటి దొరికింది. ఈ పరీక్షకు నీలం మూత ట్యూబు వాడతారు. ఆమె ప్రతిసారీ ఒక నీలం మూత ట్యూబు పెట్టి, నాలుగు చుక్కలు పడగానే తీసి పారేసి, ఇంకొకటి పెట్టి దాన్ని నింపేది. నా కాలంలో గాజు గొట్టం పగిలితే సంజాయిషీ రాయాలి. ఈమె నెలనెలా నా కళ్ల ముందే ఒక కొత్త ట్యూబును చెత్తలో వేస్తున్నది. డైరీలో రాశాను: 'ఒక ట్యూబు దండగ. అలవాటు మంచిది కాదు.' మరుసటి నెల: 'మళ్లీ దండగ.' ఎందుకు పారేస్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే తప్పు కాదని తేలుతుందేమోనని కాబోలు.

పోయిన వానాకాలంలో ఒకరోజు పరీక్షకు వెళ్లవలసి ఉండగా నా భార్య కదలలేదు.

"ఇయ్యాల ల్యాబుల చెల్లె డ్యూటీల లేదట. ఎల్లుండి పోత."

"రెండు రోజులు ఆలస్యమైతే ఎట్ల? అక్కడ ఇంకొకరు లేరా?"

"ఉన్నరు. నాకు ఆమెనే గావాలె."

"నేను ముప్పై నాలుగేండ్లు ఏం జేసిన? గడ్డి గోసిన్నా?"

నా భార్య గోంగూర ఆకు తెంపుతూ తలెత్తి చూసింది. "గందుకే గదా నీ చెయ్యి మొద్దుగున్నది," అన్నది.

నవ్వుతూనే అన్నది. కానీ నేను అప్పుడే చెప్పులు వేసుకుని మందుల దుకాణానికి వెళ్లి రెక్కల సూది తెచ్చాను. తెలిసిన పంపిణీదారు దగ్గర నీలం మూత ట్యూబు తెచ్చాను. ఒకటే తెచ్చాను. నేను దండగ చేయను గదా.

మరునాడు ఉదయం ఏడింటికి, కిటికీ దగ్గర వెలుగులో, నా భార్యను కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె సణుగుతూనే చెయ్యి చాచింది. రబ్బరు పట్టీ కట్టి, నరం చూసి, గుచ్చాను. ఆమె ముఖం ముడుచుకుంది, అబ్బా అనలేదు. నరం దొరికింది. గొట్టంలో ఎరుపు పాకింది. ట్యూబు గుచ్చగానే రక్తం చిమ్మింది, కాసేపటికి ఆగిపోయింది. ట్యూబు మీద ఉన్న గీత దాకా రాలేదు. ఇంకో నిమిషం పట్టుకున్నాను. ఇక రాలేదు. నరం ముడుచుకుందేమో అనుకున్నాను. సూది తీసి, దూది అద్ది, స్టాప్‌వాచ్ చూశాను. రక్తం తొందరగానే ఆగింది. అంత తొందరగా ఆగకూడదు. అది కూడా రాసుకున్నాను, ఆలోచించలేదు.

గీత సంగతి ఇక్కడ చెప్పాలి. నీలం మూత ట్యూబులో ముందే, రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఒక వంతు ఉంటుంది. దానికి తొమ్మిది వంతుల రక్తం పడాలి. రక్తం తగ్గితే మందు ఎక్కువైపోతుంది. అప్పుడు రక్తం ఉన్నదానికంటే నిదానంగా గడ్డకడుతుంది, అంకె లేనిపోని ఎత్తుకు పోతుంది. ఇది నేను శిష్యురాలికి మొదటి నెలలోనే నేర్పిన పాఠం. గీత దాకా లేని ట్యూబును తీసుకోవద్దని, తెచ్చింది మేనేజరు అయినా వెనక్కి పంపమని చెప్పింది నేనే.

ట్యూబును జేబులో పెట్టుకుని షేర్ ఆటోలో దవాఖానకు వెళ్లాను. సెలవు ఒకరోజు ముందే ముగించుకుని ఆమె ఆ రోజు డ్యూటీకి వచ్చి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ట్యూబు తీసుకుని కిటికీ వైపు ఎత్తి చూసింది.

"అక్క రాలేదా సార్?"

"నేనే తీసిన. ఇంట్లనే."

ఆమె మళ్లీ చూసింది. లైనులో ఏడెనిమిది మంది ఉన్నారు. గొంతు తగ్గించి, "గీత దాకా రాలేదు సార్. మళ్ల తీయాలె," అన్నది.

"కొంచెమే గదా తక్కువ. నడువదా?"

"మీరే చెప్పిండ్రు సార్. గీత అంటే గీతే అని."

ఆమె గొంతు తగ్గించినా లైనులో ముందున్న ముసలాయన విన్నాడు. "సారుకే మళ్ల తీసుకరమ్మంటున్నది!" అని వెనకవాడికి చెప్పాడు. ట్యూబు ఆమె చేతిలోంచి తీసుకుని బయటికి వచ్చేశాను. ఆమె వెనకనుంచి పిలిచింది. "సార్, అక్కను పంపుండ్రి, నేను తీస్త!" ఆ చివరి మాట వినకపోతే ఇంటికే వెళ్లేవాణ్నేమో. 'నేను తీస్త.'

చౌరస్తాలో ఒక ప్రైవేటు ల్యాబు ఉంది. అక్కడ కౌంటరులో ఉన్నతను ట్యూబు వంక చూడకుండా చీటీ అంటించాడు. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది. నాలుగు పాయింట్ ఒకటి.

నిజం రాస్తున్నాను. ఆ అంకె చూసి నాకు ముందు కలిగింది భయం కాదు. సంతోషం. ఇన్నాళ్లూ శిష్యురాలు తీసిన రక్తంలో ఏ నెలా మూడున్నర దాటలేదు. నేను తీస్తే అసలు సంగతి బయటపడింది అనుకున్నాను. ఇంటికి వచ్చి కాగితం నా భార్య ముందు పెట్టాను.

"చూసినవా? నీ చెల్లెను నమ్ముకుంటే ఒక్కనాడు రక్తం కక్కుకుందువు."

"అంటే ఏంది?"

"మందు ఎక్కువైంది నీకు. నేను తీసిన గాబట్టి తెలిసింది."

హైదరాబాదు డాక్టరుకు ఫోన్ చేసి అంకె చెప్పాను. ఆ ట్యూబు సంగతి చెప్పలేదు. ఈ రోజు మాత్ర ఆపండి, రేపటినుంచి సగం వేయండి, నాలుగు రోజుల్లో మళ్లీ పరీక్ష చేయించండి అన్నారు. సాయంత్రం ఆరు గంటలకు నా భార్య అలవాటుగా మాత్రల డబ్బా తీసింది. నేను ఆమె చేతిలోంచి తీసి పైఅరలో పెట్టాను.

తర్వాత డైరీలో ఇలా రాశాను: 'నేను తీసిన రక్తంలో 4.1. మాత్ర ఆపించాను. ట్యూబు గీతకు చిటికెన వేలి గోరంత తక్కువ.'

గోరంత కాదు, పూర్తిగా వేలెడు. పదో తరగతినుంచి డైరీ రాస్తున్నాను. అందులో తెలిసి తెలిసి రాసిన మొదటి అబద్ధం అది.

మరునాడు ఉదయం నా భార్య ఫోన్ మోగింది. వంట చేస్తూ స్పీకరు పెట్టడం ఆమె అలవాటు. శిష్యురాలి గొంతు.

"అక్కా, నిన్న సార్ మళ్ల రాలేదు. రక్తం ఎప్పుడిస్తవ్?"

"ఇచ్చినమే చెల్లె. బయట చేపిచ్చిండు. నాలుగు దాటిందట. నిన్న గోలీ ఆపిండు."

ఆమె లైనులో ఎవరినో ఆగమనడం ఫోనులో వినిపించింది.

"అక్కా, అదే ట్యూబా? నిన్న సార్ నాకు తెచ్చిచ్చిందే?"

నా భార్య నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"అవునట."

"ఈ నెల ఆకుకూర గిట్ల బగ్గ తింటున్నవా?"

"వానాకాలం గదా. పెరట్ల తోటకూర, పాలకూర ఆగుతలేదు. రోజూ అదే."

"అక్కా, జల్ది రా. వంట బందు పెట్టు, ఆటో ఎక్కు. సార్‌ను గూడ తోల్కరా."

ఎక్కువ ఆకుకూర తింటే ఆ మాత్ర పని తగ్గుతుంది. రోజూ మా ఇంట్లో ఏం వండారో డైరీలో రాసేవాణ్ని నేను. ఇరవై రోజుల్లో పద్నాలుగు రోజులు ఆకుకూరే. నిన్న గుచ్చిన చోట రక్తం తొందరగా ఆగిందని కూడా నా చేత్తోనే రాసి ఉంది. రక్తం పలచబడలేదు, చిక్కబడుతున్నదని ఆ రెండూ చెబుతున్నాయి. నేను దానికి తోడు మాత్ర ఆపాను. ఆటోలో పక్కన కూర్చున్న నా భార్య గుండెలోంచి టిక్ టిక్ వినపడుతున్నదా అని చెవి పెట్టాను. ఆటో ఇంజను మోతలో ఏమీ వినపడలేదు. ఆ పావుగంట ఎలా గడిచిందో ఇంతవరకు ఏ పేజీలోనూ రాయలేదు.

ల్యాబులో శిష్యురాలు నా భార్యను లైనులో నిలబెట్టకుండా కూర్చోబెట్టింది. కళ్లు మూసుకుంది, తాకింది, గుచ్చింది. మొదటి నీలం మూత ట్యూబు పెట్టింది, నాలుగు చుక్కలు పడగానే తీసి పక్కన వేసింది. రెండోది పెట్టింది. అది సరిగ్గా గీత దాకా నిండి ఆగింది.

ఇన్నేళ్లకు అడిగాను. "ఆ మొదటి ట్యూబు ఎందుకు పారేస్తవ్?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. నాకు తెలియదని ఆమెకు ఎప్పుడూ తోచి ఉండదు.

"రెక్కల సూది గదా సార్. ఈ గొట్టంల గాలి ఉంటది. మొదటి ట్యూబు పెడితే ముందుగాల ఆ గాలి లోపలికి పోతది. ట్యూబు ఎంత గుంజాలెనో అంతే గుంజుతది. గాలి ఎంత పోతే రక్తం అంత తక్కువైతది. ఇంక ఆ ట్యూబు ఎన్నటికీ నిండది. అందుకే గాలిని దీంట్ల పోనిచ్చి పారేస్త."

నరం ముడుచుకోలేదన్నమాట. నా చెయ్యి కాదు, గాలి. గోడ వైపు చూశాను. కుర్చీ పక్కన ఆమె చేతిరాత కాగితం ఇంకా ఉంది, పసుపు పచ్చగా మారి, ప్లాస్టిక్ తొడుగులో. నాలుగో వాక్యం అదే. క్యాంటీన్‌లో రెండు చాయల ఖరీదు అది.

అంకె వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నాం. గంటకు శిష్యురాలు కాగితం తెచ్చింది. రెండు పాయింట్ ఒకటి. ఉండవలసిన దానికంటే తక్కువ. నేను అక్కడినుంచే డాక్టరుకు ఫోన్ చేసి, నిన్నటి ట్యూబు నిండలేదని, అది తెలిసే బయట పరీక్ష చేయించానని చెప్పాను. చెబుతున్నప్పుడు శిష్యురాలు పక్కకు పోలేదు, పొమ్మని నేనూ అనలేదు. సగం కాదు, మామూలు మాత్రే ఇప్పుడే వేయించండి, ఆకుకూర తగ్గించండి, మూడో రోజు మళ్లీ చూపించండి అన్నారు. దవాఖాన మందుల గదినుంచి తెచ్చిన మాత్రను ల్యాబు కుండలోని నీళ్లతో నా భార్య అక్కడే మింగింది.

గ్లాసు కింద పెట్టి అన్నది. "నీ పంతం సల్లగుండ. నా పానంతోని ఆడుతున్నవా?"

"తప్పయింది," అన్నాను. ఆమెతో ఆ మాట అనడం నాకు కొత్త.

"నాకు గాదు. ఆమెకు చెప్పు."

శిష్యురాలు చేతులు అడ్డం ఊపింది. "వద్దు సార్, వద్దు. మీరు నాకు చెప్పుడేంది?"

చెప్పలేకపోయాను. బదులుగా మూడో రోజు వెళ్లినప్పుడు డైరీ పట్టుకెళ్లి, నెలనెలా రాసిన ఆ వాక్యాలు ఆమె ముందు పెట్టాను. 'ఒక ట్యూబు దండగ.' 'మళ్లీ దండగ.' ఆమె ఒక్కొక్క పేజీ తిప్పి చదివింది. ముఖం కొంచెం వాడింది. ఇన్నేళ్లు బెంచీ మీద కూర్చుని నేను ఏం చూస్తున్నానో ఆమెకు అప్పుడు తెలిసింది. తర్వాత డైరీ మూసి ఇచ్చింది.

"ఒక్కమాట అడిగితే అయిపోతుండె గద సార్," అన్నది.

అంతే అన్నది. నవ్వలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆ రోజు అంకె రెండు పాయింట్ ఆరు.

ఇంటికి వచ్చి, 'గోరంత' అన్న మాటను ఒక్క గీతతో కొట్టేశాను, చదవడానికి వీలుగా ఉంచి. పైన 'వేలెడు' అని రాసి సంతకం పెట్టాను. ల్యాబు రిజిస్టరులో తప్పు దిద్దే పద్ధతి అది.

ఇప్పుడు నెలనెలా నాకూ ఒక పని ఇచ్చారు. గుచ్చడం ఆమెది, దూది నొక్కి పట్టుకోవడం నాది. ఈ మాత్ర వేసుకునేవాళ్లకు ఐదు నిమిషాలైనా నొక్కి ఉంచాలి. పాత స్టాప్‌వాచ్ తీసుకెళ్తాను.

"అయిందా?" అంటుంది నా భార్య మూడో నిమిషానికే.

"ఇంకా కాలే."

"ఆమె ఒక్క నిమిషంల గుచ్చింది. నువ్వు ఐదు నిమిషాలు దూది పట్టుకుంటవ్," అంటుంది లైనుకు వినపడేటట్టు. లైను నవ్వుతుంది. ఈమధ్య శిష్యురాలు కూడా నవ్వుతున్నది.

అసూయ పోయిందని రాస్తే అది రెండో అబద్ధమవుతుంది. నిన్న ఐదు నిమిషాలు నిండాక దూది తీసి, కిటికీ వెలుగులోకి చెయ్యి తిప్పి చూశాను. ఎక్కడైనా నీలం మచ్చ ఉన్నదేమోనని వెతికాను. ఒక్క క్షణం, ఉంటే బాగుండు అనుకున్నాను. చర్మం తెల్లగా, గుచ్చిన జాడ కూడా తెలియకుండా ఉంది.

రాత్రి డైరీలో ఎర్ర సిరాతో అంకె రాశాను. రెండు పాయింట్ తొమ్మిది. దాని కింద నీలం సిరాతో, 'మచ్చ లేదు. వెతికాను,' అని రాశాను.